డెంగీ ప్రచారం, డ్రమ్ము నీళ్ళు, బస్తీ

వానలు మొదలయ్యే ముందు ప్రతి ఏడూ మన బస్తీల గోడల మీద ఒకే రకం పోస్టర్లు పడతాయి. పెద్ద దోమ బొమ్మ, దాని పక్కన కొబ్బరి చిప్ప, పాత టైరు, పూలకుండీ, నీళ్ళ డ్రమ్ము. నిల్వ నీళ్ళు పారబోయండి, డెంగీని తరిమికొట్టండి అని కింద రాసి ఉంటుంది. మే 16ను జాతీయ డెంగీ దినం చేశారు. శుక్రవారాన్ని డ్రై డే అన్నారు. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో 'దోమలపై దండయాత్ర' జరిపారు. 2020లో తెలంగాణలో ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు ఎవరిల్లు వాళ్ళు చూసుకోమన్నారు. వీటిలో చెప్పిన విషయం తప్పని నేను అనడం లేదు. కాని ఆ పోస్టరు ఎవరితో మాట్లాడుతోంది? ఆ ఇంట్లో నల్లా ఎన్ని రోజులకొకసారి వస్తుందనుకుని మాట్లాడుతోంది? ఈ ప్రశ్న వేయాలంటే ముందు దోమ సంగతి మనకు సరిగ్గా తెలియాలి. శాస్త్రం తెలియకుండా చేసే విమర్శ నినాదంగానే మిగిలిపోతుంది, దాంతో వాడలో ఒక్క జ్వరం కూడా ఆగదు.

దోమలన్నీ ఒకటే అనుకుంటాం. కావు. రాత్రిపూట చెవి దగ్గర గుయ్యిమని నిద్ర చెడగొట్టేది ఎక్కువగా క్యూలెక్స్. అది నాలాల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో, మురికి గుంటల్లో పుడుతుంది. బోదకాలు తెచ్చేది అదే. మలేరియా తెచ్చేది అనాఫిలిస్. దానిలో నగరానికి అలవాటుపడిన జాతి ఒకటి బావుల్లో, మిద్దెల మీది ట్యాంకుల్లో పెరుగుతుంది. మూడోది ఈడిస్ ఈజిప్టై. నల్లటి ఒళ్ళు, కాళ్ళ మీద తెల్లటి పట్టీలు. డెంగీ తెచ్చేది ఇదే. 2006లో తెలుగు జిల్లాలను మంచాన పడేసిన చికున్‌గున్యాను మోసిందీ ఇదే. ఇది పగలు కుడుతుంది, పొద్దెక్కే వేళా పొద్దువాలే ముందూ మరీ ఎక్కువ. మురికి నాలాలో ఇది పెరగదు. దానికి మనుషుల ఇళ్ళలో, ఇళ్ళ చుట్టూ నిలిచి ఉన్న తేట నీళ్ళు కావాలి. అంటే మనం తాగడానికీ వండుకోవడానికీ దాచుకున్న నీళ్ళే కావాలి.

ఈ ఒక్క విషయం చుట్టూ చాలా గందరగోళం ఉంది. బస్తీ జనం డెంగీ నాలా నుంచి వస్తుందనుకుంటారు. నాలా కంపు కొడుతుంది, వానకు పొంగి ఇళ్ళల్లోకి వస్తుంది, ఏళ్ళ తరబడి పూడిక తీయరు. ఆ కోపం న్యాయమైనదే. కాని నాలా శుభ్రం చేసినంత మాత్రాన డెంగీ పోదు. అటు కాలనీల్లో ఉండేవాళ్ళు డెంగీ బస్తీ మురికి నుంచి పుట్టి తమ మీదికి వస్తుందనుకుంటారు. అదీ తప్పే. వాళ్ళ కూలర్లో, ఫ్రిజ్ వెనుక పళ్ళెంలో, మనీప్లాంటు సీసాలో, మూత సరిగ్గా పడని సంపులో, లిఫ్టు గుంతలో అదే దోమ హాయిగా పెరుగుతుంది. మధ్యలో అధికారులకు ఒక సౌకర్యం దొరికింది. నాలా కార్పొరేషన్‌ది, డ్రమ్ము మనది. డెంగీ డ్రమ్ములోంచి వస్తుంది కాబట్టి తప్పు మనదైపోయింది!

ఆ డ్రమ్ము అక్కడ ఎందుకుందో చూద్దాం. హైదరాబాద్‌లో ఎక్కువ ప్రాంతాలకు నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. వచ్చినా కొద్దిసేపే. బస్తీ చివరి గల్లీల్లో ప్రెషర్ ఉండదు. ఇదే లైను మీద పెద్ద ఇళ్ళవాళ్ళు నేరుగా మోటార్లు బిగించి లాగేస్తారు. అది చట్టవిరుద్ధం, అందరికీ తెలుసు, అందరి కళ్ళ ముందే జరుగుతుంది. వాళ్ళకు భూమిలో సంపు ఉంది, మిద్దె మీద మూత ఉన్న ట్యాంకు ఉంది. వాళ్ళూ నీళ్ళు నిల్వ చేసుకుంటున్నారు, మనకన్నా చాలా ఎక్కువే చేసుకుంటున్నారు. తేడా అంతా మూతలో ఉంది, జాగాలో ఉంది. ఒక్క గదిలో ఐదారుగురు ఉండే ఇంటికి సంపు ఎక్కడ తవ్వుతాం? ఏదో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాత నీలం డ్రమ్మే మన సంపు, మన ఓవర్‌హెడ్ ట్యాంకు. దానికి మూత వేరుగా కొనాలి. బస్తీలో ఏ అమ్మను అడిగినా ఇదే మాట: "నల్లా ఎల్లుండి గాని రాదు. ఉన్న నీళ్ళు ఒంపితే పిల్లగాండ్లకు ఏడికెళ్ళి తేవాలె?"

దోమకు ఈ డ్రమ్ము ఎందుకంత అనుకూలమో వివరంగా తెలుసుకోవడం అవసరం. ఎందుకంటే పోస్టరు చెప్పని సంగతి ఇక్కడే ఉంది. ఆడ ఈడిస్ గుడ్లను నీళ్ళ మీద వదలదు. నీళ్ళ అంచుకు కాస్త పైన, తడిగా ఉన్న డ్రమ్ము గోడకు అంటించి పెడుతుంది. ఆ గుడ్లు ఆవగింజకన్నా చిన్నవి, నల్లవి, మసి చుక్కల్లాగా ఉంటాయి. నీళ్ళు తగ్గి గోడ ఎండినా అవి చావవు. నెలల తరబడి అలాగే బతికి ఉంటాయి. మళ్ళీ నీళ్ళు పోసి మట్టం పెరిగి గుడ్లు మునిగితే పిల్లలవుతాయి. నీళ్ళలో తలకిందులుగా ఎగిరెగిరి పడే పురుగులను పిల్లలు చూసే ఉంటారు, అవే లార్వాలు. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి మన ఎండల్లో వారం, పది రోజులు చాలు.

ఇప్పుడు రోజు విడిచి రోజు నల్లాను దీనితో కలిపి చూడండి. నీళ్ళు వచ్చిన రోజు డ్రమ్ము నింపుతాం. రెండు రోజుల్లో సగం వాడతాం. మళ్ళీ వస్తాయో రావోనన్న భయంతో అడుగు దాకా ఎప్పుడూ వాడం. మిగిలిన దాని మీదే కొత్త నీళ్ళు పడతాం. మట్టం తగ్గుతుంది, పెరుగుతుంది, తగ్గుతుంది, పెరుగుతుంది. దోమ గుడ్లకు ఇంతకన్నా మంచి ఏర్పాటు ఎవరూ చేయలేరు. నీళ్ళు రోజూ వచ్చి, బిందెతో పట్టుకుని ఆ రోజే వాడుకునే ఇంట్లో ఈ ఏర్పాటు ఉండదు. డెంగీకి కారణం నీళ్ళు దాచుకునే అలవాటు అని చెప్పేవాళ్ళు, ఆ అలవాటును నేర్పింది వాటర్ బోర్డు టైంటేబులే అని కూడా చెప్పాలి.

డ్రమ్మును ఒంపితే చాలదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఒంపినా గుడ్లు గోడకే ఉంటాయి. గీకి కడగాలి. కొబ్బరి పీచుతోనో, ప్లాస్టిక్ బ్రష్షుతోనో లోపలి గోడను, ముఖ్యంగా నీటి గీతల దగ్గర గట్టిగా రుద్ది, ఆ నీళ్ళను మట్టి నేల మీదో ఎండలోనో పారబోయాలి. ఇంకో పాత్రలోకి మార్చకూడదు. వారానికి ఒకసారి ఇది జరిగితే గుడ్డు దోమ అయ్యేలోపల గొలుసు తెగిపోతుంది. డ్రై డే వెనక ఉన్న లెక్క ఇదే. నీళ్ళ కరువులో డ్రమ్ము ఖాళీ చేయడం ఎట్లా అంటే, ఒక పెద్ద డ్రమ్ముకు బదులు రెండు చిన్నవి పెట్టుకుని, ఒకదాన్ని పూర్తిగా వాడేశాకే రెండోది ముట్టుకోవడం ఒక దారి. ఖాళీ అయినది కడిగి ఆరబెట్టి, నల్లా వచ్చిన రోజు దానిలో పట్టాలి. మూత లేకపోతే పాత నూలు చీర ముక్కను రెండు మడతలు వేసి, సైకిలు ట్యూబు రబ్బరుతో అంచు చుట్టూ బిగించి కట్టాలి. పైన చెక్క పెట్టి వదిలేస్తే లాభం లేదు, దోమకు వేలెడు సందు చాలు. ఇవన్నీ ఆడవాళ్ళ మీద పడే పనులే. నాలుగిళ్ళలో అంట్లు తోమి వచ్చిన మనిషి ఇంట్లో డ్రమ్ము కూడా తోమాలని ఉపన్యాసం ఇచ్చే మగ కార్యకర్తలు ముందు వాళ్ళింటి డ్రమ్ము వాళ్ళు తోమితే బాగుంటుంది.

కార్పొరేషన్ వాళ్ళు నీళ్ళలో వేసే మందు ఒకటుంది, టెమిఫాస్. లీటరు నీటికి ఒక మిల్లీగ్రాము మించకుండా వేస్తే తాగే నీళ్ళలోనూ వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకుంది. బస్తీలో చాలామంది వద్దంటారు, వాసన వస్తుందంటారు. వద్దన్నవాళ్ళను మూర్ఖులంటూ ఫారం మీద రాసుకుని పోతారు. ఏం వేస్తున్నారో, ఎంత వేస్తున్నారో, ఎందుకు వేస్తున్నారో ఒక్క మాట చెప్పకుండా తాగే నీళ్ళలో చెయ్యి పెడితే జూబ్లీహిల్స్‌లో ఊరుకుంటారా? అక్కడ గేటు దాటి లోపలికి రానివ్వరు. ఆ సంగతి ఏ ఫారంలోనూ ఉండదు.

ఇక్కడ 'శుభ్రత' అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. మన దేశంలో శుభ్రత అనేది ఎప్పుడూ ఆరోగ్యశాస్త్రం మాట మాత్రమే కాలేదు. ఊరి పెంట ఎత్తిన చేతులను మురికి చేతులన్నారు, పెంట పోసిన చేతులను శుచి అన్నారు. ఆరోగ్య ప్రచారం కూడా తెలిసో తెలియకో ఆ భాషలోనే నడుస్తోంది. 'అపరిశుభ్ర బస్తీల వల్లే డెంగీ' అని రాసే విలేకరికి ఈడిస్ శుభ్రమైన నీళ్ళలో పుడుతుందని తెలియదు. తెలిసినా వాక్యం మారదు, ఎందుకంటే ఆ వాక్యం డెంగీ కన్నా పాతది.

1897 సంవత్సరాన్నే తీసుకోండి. ఆ ఏడు ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో, ఇప్పటి బేగంపేటలో, దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. దానికి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దోమలు కుట్టింది హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని. కుట్టిన ఒక్కో దోమకు అతనికి ఒక్కో అణా ఇచ్చారు. రాస్ పేరు మన ఫీవర్ ఆస్పత్రికి ఉంది, హుస్సేన్ ఖాన్ పేరు దేనికీ లేదు. అదే 1897లో బ్రిటిష్ ప్రభుత్వం అంటురోగాల చట్టం చేసి, ప్లేగు పేరుతో ఇళ్ళల్లోకి చొరబడే అధికారం తెచ్చుకుంది. అదే సంవత్సరం మార్చి 10న పుణెలో సావిత్రీబాయి ఫూలే చనిపోయింది. ప్లేగు సోకిన ఒక మహర్ పిల్లవాణ్ణి వీపు మీద మోసుకుని తన కొడుకు నడిపే వైద్యశాలకు తెచ్చి, ఆ రోగమే సోకి పోయింది. ప్రయోగశాల, చట్టం, సేవ మూడూ ఒకే ఏట ఉన్నాయి. మన ఆరోగ్య శాఖ మొదటిదాన్ని గౌరవిస్తుంది, రెండోదాన్ని వాడుకుంటుంది. మూడోదాన్ని పాఠంగా కూడా చెప్పదు.

నీళ్ళ శుభ్రత గురించి మనవాళ్ళకు ఒకరు నేర్పాల్సిన పనేమీ లేదు. 1927 మార్చి 20న అంబేద్కర్ మహాడ్ చవదార్ చెరువులో నీళ్ళు తాగింది ఆ నీళ్ళ మీద హక్కు కోసం. 1985 జూలై 17న కారంచేడులో మాదిగల మీద హత్యాకాండ జరిగింది. మాదిగపల్లె తాగే చెరువు దగ్గర కమ్మ యువకుడు గేదెల కుడితి బకెట్టు కడుగుతుంటే ఇవి మేం తాగే నీళ్ళని అడ్డు చెప్పడంతో అది మొదలైంది. మంచినీళ్ళు మంచిగా ఉండాలని అడిగినందుకు ప్రాణాలు పోగొట్టుకున్న జాతికి గోడ మీద పోస్టరు వేసి శుభ్రత నేర్పుతున్నారు!

పొగ సంగతి కూడా చెప్పాలి. కేసులు పెరిగాయని పేపర్లో రాగానే పొగ మిషన్లు వస్తాయి. కార్పొరేటర్ వస్తాడు, ఫొటో తీయించుకుంటాడు. జనం కూడా పొగ కొట్టమనే అడుగుతారు, ఎందుకంటే కంటికి కనిపించే పని అదొక్కటే. ఆ పొగ ఎగురుతున్న పెద్ద దోమకు తగిలితే చంపుతుంది. నీళ్ళలో ఉన్న పిల్ల దోమను ఏమీ చేయదు. ఈడిస్ రోడ్డు మీద ఉండదు. మంచం కింద, దండెం మీది బట్టల చాటున, చీకటి మూలల్లో కూచుంటుంది. రోడ్డున పొగ వస్తుంటే మనం తలుపులు మూసుకుంటాం, దోమ లోపల క్షేమంగా ఉంటుంది. ఒకవేళ చచ్చినా వారంలో కొత్తవి తయారు. రోగి ఉన్న ఇంట్లో, చుట్టూ యాభై ఇళ్ళ లోపల పైరిత్రం మందు కొట్టాలన్నది నియమం. అది చేయాలంటే కేసు వెంటనే తెలియాలి, మనుషులు ఉండాలి, ఇల్లిల్లూ తిరగాలి. కష్టమైన పని కాబట్టి తక్కువ జరుగుతుంది.

ఆ మనుషులెవరు? చేతిపంపు వీపున వేసుకుని తిరిగేవాళ్ళు, డీజిల్ పొగ మిషను పట్టుకుని నడిచేవాళ్ళు ఎక్కువమంది అవుట్‌సోర్సింగ్ కూలీలు. వాళ్ళు ఏ కులాలవాళ్ళో నేను రాయక్కర్లేదు, మీ వార్డుకు వచ్చినవాళ్ళను పలకరిస్తే తెలుస్తుంది. ముఖానికి సరైన మాస్కు ఉందా, చేతులకు గ్లౌజులున్నాయా అని కూడా చూడండి. ఎన్నో ఏళ్ళుగా ఈ పని చేస్తూ దోమ పిల్లను చూడగానే జాతి చెప్పగలిగినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. వాళ్ళ అనుభవం జీతం స్లిప్పులో ఎక్కడా కనబడదు. మన సభలకు డాక్టర్లను పిలుస్తాం. వీళ్ళను ఒకసారి పిలిచి మాట్లాడించాలి.

మనిషి ఎక్కడ కుట్టించుకున్నాడన్నది ఇంకో చిక్కు. ఈడిస్ పుట్టిన చోటి నుంచి మామూలుగా ఒకటి రెండు వందల మీటర్లు దాటి పోదు. మనుషులే వైరస్‌ను దూరం మోస్తారు. పొద్దున ఎనిమిదింటికి అపార్టుమెంట్లో పనికి పోయిన అమ్మకు అక్కడి బాల్కనీ పూలకుండీల దోమ కుట్టవచ్చు. పాలమూరు నుంచో, శ్రీకాకుళం నుంచో, ఒడిశా నుంచో వచ్చిన కూలీ పగలంతా కట్టుబడి స్థలంలో ఉంటాడు. అక్కడ స్లాబు తడపడానికి నిలబెట్టిన నీళ్ళు, సెల్లార్ గుంతలు, సిమెంటు డ్రమ్ములు అన్నీ దోమల తోటలే. పగలు కుట్టే దోమకు పని స్థలమే ముఖ్యం. కాని కేసును రోగి ఇంటి చిరునామా మీద రాస్తారు. లెక్కలో అది బస్తీ డెంగీ అవుతుంది, అపార్టుమెంటు డెంగీ కాదు. బిల్డరుకు నోటీసు పోదు, బస్తీకి పోస్టరు వస్తుంది.

లెక్కల్లో ఇంకో తిరకాసు ఉంది. జ్వరం వచ్చిన మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1 పరీక్ష, ఆ తర్వాత ఐజీఎం పరీక్ష పనికొస్తాయి. ప్రైవేటు ఆస్పత్రుల్లో చేసే స్ట్రిప్పు పరీక్షను ప్రభుత్వం డెంగీ లెక్కలోకి తీసుకోదు, ఎలీసా పద్ధతిలో తేలితేనే తీసుకుంటుంది. శాస్త్రపరంగా దానికి కారణం ఉంది, స్ట్రిప్పులు తప్పు చూపే అవకాశం ఎక్కువ. కాని ఎలీసాకు శాంపిల్ పంపనివాళ్ళు లెక్కలో లేకుండా పోతారు. 1996లో ఢిల్లీలో పదివేలకు పైగా కేసులు, 400 దాటి మరణాలు నమోదైనప్పుడు దేశం డెంగీ అనే పేరు గట్టిగా విన్నది. 2019లో తెలంగాణలో పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందంటే, అక్టోబరులో హైకోర్టు ప్రధాన కార్యదర్శినే పిలిపించి జవాబు అడిగింది. లెక్క సరిగ్గా లేనిచోట మందూ మనిషీ సరిగ్గా రారు.

జ్వరం వస్తే ఏం చేయాలో కార్యకర్తలు తప్పక తెలుసుకోవాలి. ఉన్నట్టుండి ఎక్కువ జ్వరం, కళ్ళ వెనక నొప్పి, ఒళ్ళూ కీళ్ళూ విరిచేసే నొప్పులు, దద్దు. పారాసిటమాల్ ఒక్కటే వాడాలి. నొప్పి వెంటనే తగ్గాలని ఆర్‌ఎంపీ చేత డైక్లోఫెనాక్ సూది వేయించుకోవడం, బ్రూఫెన్, ఆస్పిరిన్ మింగడం ప్రమాదం. రక్తస్రావం పెరుగుతుంది. ఓఆర్‌ఎస్, గంజి, మజ్జిగ, కొబ్బరి నీళ్ళు బాగా తాగాలి. ఇంట్లో మిగతావాళ్ళకు రాకుండా రోగిని పగలు కూడా దోమతెరలో పడుకోబెట్టాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. డెంగీలో ప్రాణం మీదికి వచ్చేది జ్వరం ఎక్కువున్నప్పుడు కాదు, తగ్గుతున్నప్పుడు. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య జ్వరం దిగిపోతుంది, కొందరిలో అప్పుడే రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారడం మొదలవుతుంది. కడుపులో విడవని నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం, చేతులు కాళ్ళు చల్లబడడం, మగత, మూత్రం తగ్గడం వీటిలో ఏది కనబడినా ఆ గంటలోనే పెద్దాస్పత్రికి పోవాలి. రోజు కూలీ ఏం చేస్తాడు? జ్వరం దిగింది కదా అని ఆ రోజే అడ్డా మీదికి పోతాడు, మూడు రోజుల కూలి పోయింది కాబట్టి. అందుకే జ్వరం తగ్గాక రెండు రోజులు ఆగమని చెప్పడం తేలిక, ఆ రెండు రోజుల బియ్యానికి బస్తీ కమిటీ ఏదైనా చేయగలదా అన్నది అసలు పని.

ప్లేట్‌లెట్ల భయం మీద నడిచే వ్యాపారం గురించి కూడా చెప్పాలి. ఆరోగ్యవంతుల్లో ఇవి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. డెంగీలో పడిపోతాయి, మళ్ళీ వాటంతటవే పెరుగుతాయి. రక్తస్రావం లేనప్పుడు పదివేల కన్నా దిగితే తప్ప ఎక్కించనక్కర్లేదన్నది వైద్య మార్గదర్శకాల మాట. యాభై వేలు అనగానే అడ్మిట్ చేసి, దాతలను తెమ్మని పరుగులు పెట్టించి, లక్షల బిల్లు వేసిన సంగతులు ప్రతి బస్తీలో వినిపిస్తాయి. పుస్తెలతాడు కుదువ పెట్టిన ఇళ్ళున్నాయి. ప్లేట్‌లెట్ల సంఖ్య ఒక్కటే చూసి బెంబేలు పడకుండా రోగి బీపీ, నాడి, హెమటోక్రిట్ ఎట్లా ఉన్నాయని డాక్టరును అడగాలి. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి ఉంది, మనవాళ్ళు కోరంటి దవాఖాన అంటారు. గాంధీ, ఉస్మానియా ఉన్నాయి. అక్కడ ఎలీసా పరీక్షకు డబ్బు కట్టనక్కర్లేదు. బస్తీ దవాఖానలు 2018 నుంచి వచ్చాయి, వాటిలో రక్తం ఇచ్చి పరీక్షకు పంపించవచ్చు. అక్కడ డాక్టరు ఉండే వేళలు బస్తీ జనం పనికి పోయే వేళలు ఒకటే కావడం మాత్రం ఎవరైనా పట్టించుకోవాలి.

వార్డు ఆఫీసుకు పోయినప్పుడు పొగ కొట్టమని అడగడం మానేసి వేరే అడుగుదాం. మా గల్లీకి నల్లా ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంతసేపు వస్తుందో రాతపూర్వకంగా ఇవ్వమని. లైను మీద బిగించిన మోటార్లు తీయించమని. డ్రమ్ములకు సరిపోయే మూతలు ఇంటింటికీ ఇవ్వమని. పోస్టర్ల ఖర్చులో కొంత మూతలకు పెడితే ఎన్ని వస్తాయో లెక్క వాళ్ళనే వేయమనాలి. కేసు తేలిన ఎన్ని రోజులకు యాభై ఇళ్ళలో మందు కొట్టారో రిజిస్టరు చూపించమని. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది, దాని కింద అడగవచ్చు.

విద్యార్థులు, టీచర్లు ఈ పత్రిక చదువుతారు కాబట్టి వాళ్ళు మొదలుపెట్టగల చోటు ఒకటి చెబుతాను. సాంఘిక సంక్షేమ హాస్టళ్ళు. అక్కడి పిల్లలు దాదాపు అందరూ మనవాళ్ళే. పొద్దున చదువు గంట, సాయంత్రం ఆట గంట సరిగ్గా ఈడిస్ కుట్టే వేళలు. పొట్టి నిక్కర్లు, గౌన్లు, కిటికీలకు చిరిగిన జాలీలు. స్నానాల గదుల్లో తొట్లు, వంటగది వెనక డ్రమ్ములు, పెరట్లో విరిగిన ప్లేట్లూ టైర్లూ. ఒక ఆదివారం పది మంది కలిసి పోయి వార్డెన్‌తో మాట్లాడి ఇవన్నీ చూడాలి. టార్చిలైటు తీసుకుపోండి, తొట్టి నీళ్ళ మీద వెలుగు వేస్తే లార్వాలు కిందికి దూకుతాయి, ఉన్నదీ లేనిదీ అప్పుడే తెలిసిపోతుంది. మిద్దె మీది ట్యాంకుకు మూత ఉందా, దాని పొంగు గొట్టానికి జాలీ ఉందా, చివరిసారి ఎప్పుడు కడిగారో గోడ మీద తేదీ రాశారా అని చూడాలి. ట్యాంకు మీదికి ఎక్కడానికి నిచ్చెన ఉందో లేదో కూడా రాసుకోవాలి, ఎందుకంటే చాలా హాస్టళ్ళలో అదే ఉండదు. ఆ కాగితం ఒక కాపీ వార్డెన్‌కు, ఒకటి జిల్లా సాంఘిక సంక్షేమ అధికారికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. నెల తర్వాత మళ్ళీ అదే టార్చితో పోండి.